పదకొండో మంచం నుంచి తూర్పు వరండా దాకా

మర్తా మిషన్ ఆస్పత్రి, పుత్తన్‌కర
1987 మే 12

శ్రీ మాధవ కురుప్పు గారికి,

నమస్కారం. ఫిబ్రవరి 18న మా ఆరో వార్డులో మీకు హెర్నియా ఆపరేషన్ జరిగింది. కుట్లకి చీము పట్టడంతో రెండు నెలలు మా దగ్గరే ఉండిపోయారు. ఆ మధ్యలో ఫిబ్రవరి 27న తెల్లవారుజామున ఐదూ ముప్పై ఐదుకు వార్డులో పడిపోయి ఎడమ మణికట్టు కూడా విరగ్గొట్టుకున్నారు. "పొట్ట బాగుచేయమని అప్పగిస్తే చెయ్యి విరిచి ఇస్తారా?" అని మీ భార్య భార్గవి అమ్మ ఆ రోజు నన్ను నిలదీశారు.

ఇప్పుడు ఆమె ప్రశ్నకి జవాబు వెతకడమే నాకు అదనపు పని అయింది. ఆపరేషన్ వార్డుల్లో వృద్ధులు పడిపోవడానికి కారణాలేమిటి, దానివల్ల వచ్చే చిక్కులేమిటి అని డాక్టర్ జయదేవన్ గారు పరిశోధన చేస్తున్నారు. పడిపోయిన ప్రతి రోగికీ ఇంటికెళ్ళిన నెలకి ఉత్తరం రాసి ఐదు ప్రశ్నలు అడగమన్నారు. చెయ్యి ఎలా ఉంది? నిద్ర పడుతోందా? ఆ రోజు కాళ్ళకి ఎలాంటి చెప్పులున్నాయి? ఏ మాత్రలు వేసుకునేవారు? పడబోయే ముందు మీకు ఏమనిపించింది?

దయచేసి ఐదింటికీ జవాబు రాయగలరు. స్టాంపు అంటించిన కవరు జతచేశాను.

ఇట్లు,
సిస్టర్ ఏలిక్కుట్టి, ఆరో వార్డు


నెడుంతోడు
మే 20

ఏలిక్కుట్టి సిస్టరుకి,

ముప్పై నాలుగేళ్ళు సర్కారు పడవకి సరంగుగా పనిచేశాను. ఇంత మర్యాదగా నాకెవరూ ఉత్తరం రాయలేదు. పడవ ఆలస్యమైందని తిట్టే కార్డులే వచ్చేవి. అందుకని మీ ఉత్తరాన్ని రెండు సార్లు చదివి, మూడోసారి భార్గవికి వినిపించాను. "నిలదీశానట, నేనెప్పుడు నిలదీశాను, మామూలుగా అడిగాను" అంది.

ఇక మీ ప్రశ్నలు. చెయ్యి బాగుంది. కొబ్బరికాయ ఒలవగలను కానీ ఒలవలేనని ఇంట్లో చెప్పాను, ఆ సంగతి మీ కాగితంలో రాయకండి. నిద్ర దివ్యంగా పడుతోంది. చెప్పులు రబ్బరువి, ఎడమదాని వారు తెగితే పిన్నీసు పెట్టాను. మాత్ర, మీరే ఇచ్చేవారుగా, ప్రెషర్ మాత్ర. ఐదోది: తల గిర్రున తిరిగింది, కళ్ళ ముందు చీకటి, అంతే.

నా పదకొండో మంచం ఎవరికిచ్చారు? మంచివాడికే ఇచ్చారా? నా పక్క మంచం పోతన్ కాలి పుండు మానిందా, లేక ఆస్పత్రి గంజికి అలవాటుపడి దాన్ని మాననివ్వడం లేదా? పత్రిక ఇంకా ఐదున్నరకే వస్తోందా, వానలకి ఆలస్యమవుతోందా?

ఇట్లు,
సరంగు కురుప్పు


పుత్తన్‌కర
జూన్ 3

సరంగు గారూ,

పోతన్‌కి మీ ఉత్తరం చదివి వినిపించాను. గంజి గురించి మీరన్నదానికి ఆయన ఇచ్చిన జవాబు నేను కాగితం మీద పెట్టలేను. పుండు మానుతోంది. ప్రెషరే కాస్త ఎక్కువ. మీ మంచం మీద ఒక పోస్ట్‌మాస్టర్ గారున్నారు. రోజుకి ఆరుసార్లు గడియారం చూసుకుంటారు.

మీ జవాబులు డాక్టర్ గారికి ఇచ్చాను. ఆయన కొత్తగా పెళ్ళయిన మనిషి, కానీ సాయంత్రాలు మా రోగుల చెప్పుల అరుగుదల కొలుస్తూ గడుపుతున్నారు. ఒక పెద్ద కాగితం మీద ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. ఫిబ్రవరి నుంచి వార్డులో పదకొండు మంది పడ్డారు. అందులో తొమ్మిది మంది పడింది ఉదయం ఐదుకీ ఆరుకీ మధ్యే. రోజంతా గీత నేల మీద పాకి, ఆ ఒక్క గంటలో కొబ్బరిచెట్టులా లేచింది. "చూశారా సిస్టర్, ఈ గంటలో ఏదో ఉంది" అని ఆయన మురిసిపోతున్నారు. రెండు మణికట్లు, ఒక ముంజేయి, కొచ్చు వర్కీ తుంటి ఎముక ఉన్నాయి ఆ గీతలో. నాకు మురిపెం రాలేదు.

ఇంకో సంగతి. తొమ్మిది మంది జవాబులూ పక్కపక్కన పెట్టి చూశాను. "తల గిర్రున తిరిగింది, కళ్ళ ముందు చీకటి, అంతే." ఇంటి నుంచి రాసినవాళ్ళూ, ఇంకా వార్డులోనే ఉన్న పోతన్, వర్కీ కూడా, తొమ్మిది మందీ అదే మాట చెప్పారు. చివరి 'అంతే' కూడా ఎవరూ మరిచిపోలేదు.

మీరు పడిన రోజు మిమ్మల్ని లేపింది నేనే. మరుగుదొడ్డి పడమటి వైపు ఉంది. మీరు పడింది తూర్పు వరండాలో. లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టుకున్నారు. ముక్కు మీద కళ్ళద్దాలు ఉన్నాయి. తల తిరుగుతున్న మనిషి కళ్ళద్దాలు వెతికి పెట్టుకుని మరీ పడతాడా?

ఊరికే అడుగుతున్నాను.

ఏలిక్కుట్టి


నెడుంతోడు
జూన్ 11

ఏలిక్కుట్టి సిస్టరుకి,

మీరు నర్సు కాకపోయి ఉంటే పోలీసులో చేరాల్సింది.

సరంగుకి దిక్కులు తెలియవా అని మీరు అడిగినట్టుంది. తెలుసు కాబట్టే తూర్పుకి వెళ్ళాను. సూర్యోదయం చూడటం నాకు పడవ నాటి అలవాటు. సూర్యుణ్ణి మసకగా చూడటం ఇష్టం లేక కళ్ళద్దాలు పెట్టుకున్నాను. లుంగీ మడత మా ఊరి మగవాళ్ళందరికీ పుట్టుకతో వస్తుంది. తొమ్మిది మందీ ఒకే మాట చెప్పారంటే, తొమ్మిది మందికీ తల ఒకేలా తిరిగిందన్నమాట. మీ డాక్టర్ గారికి అది మంచి కబురే కదా.

ఈ జవాబు రాస్తుంటే భార్గవి వెనక నుంచి చదివి నవ్వుతోంది. "ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, ఈయన సూర్యోదయం చూడగా నేను చూడలేదు" అంటోంది. ఆడవాళ్ళ మాటలు పరిశోధనలో చేర్చకండి.

కొచ్చు వర్కీ ఎలా ఉన్నాడు? తుంటి అతుక్కుందా?

సరంగు కురుప్పు


పుత్తన్‌కర
జూన్ 24

సరంగు గారూ,

ఈసారి నవ్వే ఓపిక లేదు.

వర్కీని ఇంటికి పంపేశారు. తుంటి అతుక్కుంటోంది. కానీ నెలకి పైగా కదలకుండా పడుకోవడంతో నడుము కింద ఒరిపిడి పుండు పడింది. ఆయన కోడలు రోజూ కడుగుతోంది.

నిన్న నన్ను సూపరింటెండెంటు గదికి పిలిచారు. డాక్టర్ గారికి కారణం దొరికిందట. ప్రెషర్ మాత్ర ఉదయం ఆరుకి ఇవ్వాలి. రాత్రి డ్యూటీ సిస్టరు త్వరగా పని తెముల్చుకోవడానికి ఐదుకే ఇచ్చేస్తోంది, పరగడుపున మింగిన ముసలివాళ్ళు లేవగానే తల తిరిగి పడుతున్నారు. ఇదీ ఆయన తేల్చింది. పడిన తొమ్మిది ఉదయాల్లో ఎనిమిది నా డ్యూటీలే. మిగతా ఇద్దరు సిస్టర్లకీ చంటిపిల్లలున్నారు, వాళ్ళ రాత్రులు నేను తీసుకుంటాను. ఆ సంగతి రాయడానికి ఆయన కాగితంలో గడి లేదు.

అబద్ధం ఎందుకు, రెండుసార్లు ఆరుకి పావు తక్కువకి ఇచ్చాను. ఐదుకి ఎన్నడూ ఇవ్వలేదు.

జూలై 10న కమిటీ కూర్చుంటుంది. నా తప్పని తేలితే సర్వీసు పుస్తకంలో 'అజాగ్రత్త' అని రాస్తారు. నర్సింగ్ స్కూల్లో టీచర్ ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తు అక్కడితో సరి. ఆ పైన దుప్పట్ల గదిలో మడతలు పెట్టుకుంటూ కూర్చోవాలి. పందొమ్మిదేళ్ళ సర్వీసు నాది. ఏడ్చాను కూడా, దాచడం దేనికి.

నా సంగతి అలా ఉంచండి. కమిటీ తేల్చేదాకా ఉదయం మాత్ర అందరికీ ఆపేశారు. నిన్న పోతన్‌కి ప్రెషర్ రెండు వందల పది. మొహం కందిపోయి ఉంది, ఆయనే నన్ను ఓదారుస్తున్నాడు. ఇలాగే సాగితే పక్షవాతం వస్తుంది. ఆ మాట డాక్టర్ గారితో అన్నాను. "మాత్ర ఇస్తే పడతారు, ఆపితే ప్రెషర్ పెరుగుతుంది, నేనేం చెయ్యను సిస్టర్?" అని తల పట్టుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. మీరందరూ చెప్పింది నమ్మారు, అంతే.

ఒక్కటే అడుగుతున్నాను. మీకు నిజంగా తల తిరిగిందా?

ఏలిక్కుట్టి


నెడుంతోడు
జూన్ 29

అమ్మా ఏలిక్కుట్టీ,

తిరగలేదు.

నాకే కాదు, ఎవరికీ తిరగలేదు. పోతన్‌కి మాత్ర ఆపేశారని చదివాక అన్నం సయించలేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, తిట్టాలనుకుంటే చివరి దాకా చదివాక తిట్టు.

వార్డులో మనుషులు ఇరవై ఇద్దరు. పత్రిక ఒక్కటి. సైకిల్ మీద వచ్చే దాసప్పన్ ఐదున్నరకి దాన్ని తూర్పు వరండాలోకి విసిరి పోతాడు. ఎవరి చెయ్యి ముందు పడితే వాడిదే మొదటి చదువు. ఇరవై రెండోవాడి దాకా వచ్చేసరికి సాయంత్రమవుతుంది, అప్పటికి సగం కాగితం ఎవడో పప్పు వడలకి వాడేసి ఉంటాడు.

మొదటి పేజీ ఎవరిక్కావాలి? మాకు కావలసింది చావుల పేజీ. ఫోటో, ఊరు, వయసు, కొడుకులు ఎక్కడెక్కడ ఉన్నారు, ఎన్ని గంటలకి ఖననం. మా వయసువాళ్ళకి అదే అసలు పత్రిక. దాన్ని అందరికంటే ముందు చూసినవాడు మంచాల మధ్య నెమ్మదిగా నడుస్తూ, "కైనడి కోశీ పోయాడు, నాకంటే రెండేళ్ళు చిన్న" అని చెప్పే ఠీవి ఉంది చూడు, దానికోసమే మా పరుగు. చెప్పేవాడికి ఆ రోజంతా రోగం ఉండదు. వినేవాళ్ళకి మర్నాడు ఎలాగైనా ముందు పరిగెత్తాలని ఉంటుంది.

ఐదూ పావుకి తంకమ్మ వరండా తడిగుడ్డతో తుడుస్తుంది. ఆ తడి మీద మా పరుగు, అదీ మీ డాక్టర్ గారి కొబ్బరిచెట్టు.

మొదట పడింది నేనే. దానికి వారం ముందే పేకముక్కల దగ్గర గొడవైతే మేట్రన్ గారు పేక పట్టుకెళ్ళి పొయ్యిలో పెట్టించింది, నీకు గుర్తుండే ఉంటుంది. పత్రిక వల్ల పడ్డానంటే పత్రికకీ అదే గతి. అందుకని ఎక్స్‌రే బల్ల మీద పడుకుని ఒక వాక్యం కూర్చాను. తల గిర్రున తిరిగింది, కళ్ళ ముందు చీకటి, అంతే. వార్డుకి తిరిగొచ్చాక అందరి చేతా అప్పజెప్పించాను. ఎవడు పడినా ఇదే చెప్పాలి, పత్రిక మాట ఎత్తకూడదు అని ప్రమాణం చేయించాను. వర్కీ 'అంతే' అనడం మరిచిపోతుంటే రెండుసార్లు దిద్దాను కూడా.

డాక్టర్ గారు నెలల తరబడి పరిశోధించింది నా వాక్యాన్ని. దాని బరువు నీ నెత్తిన పడుతుందని నాకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది. సిగ్గుగా ఉంది.

పోతన్‌తో చెప్పు, ప్రమాణం రద్దు చేశానని. నిజం చెప్పమను. మిగతా ఏడుగురూ ఏడు ఊళ్ళలో ఉన్నారు, అన్నీ నీళ్ళ దారులే. రేపు మా తమ్ముడి నాటు పడవ తీసుకుని బయల్దేరుతున్నాను. ఈ వానలో వద్దని భార్గవి గోల. కొబ్బరికాయ ఒలవలేని చేత్తో తెడ్డు ఎలా వేస్తారంది. ఆ అబద్ధం కూడా ఈ రోజే బయటపడింది.

పదో తారీకులోగా కాగితం నీకు అందుతుంది.

కురుప్పు


పుత్తన్‌కర
జూలై 13

సరంగు మామా,

మామా అని రాశాను. కొట్టివేయడం లేదు.

పడవ కండక్టరు మీ కాగితాన్ని నూనెగుడ్డలో చుట్టి తొమ్మిదో తారీకు సాయంత్రం నా చేతికిచ్చాడు. మర్నాడు కమిటీలో మేట్రన్ గారే దాన్ని పైకి చదవాల్సి వచ్చింది. "మా తలలు స్థిరంగానే ఉన్నాయి. కాళ్ళే తొందరపడ్డాయి. మాత్రకీ సిస్టరుకీ ఇందులో సంబంధం లేదు" అన్నచోట ఆవిడ ఆగి, ఆ వాక్యం రెండోసారి చదివారు. కింద ఎనిమిది సంతకాలు, పక్కన వర్కీ సొంత చేత్తో రాసిన మాట: "చావుల పేజీ చూడబోయి అందులోకే ఎక్కబోయాను." పోతన్‌ని చక్రాల కుర్చీలో తెచ్చాం. ఆయన లోపలికి రాగానే అలవాటు కొద్దీ "తల గిర్రున" అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగి, అసలు సంగతి చెప్పాడు.

డాక్టర్ గారు తన పెద్ద కాగితం విప్పారు. తర్వాత "పత్రిక రాని రోజులు ఎప్పుడెప్పుడు?" అని అడిగారు. విషు పండగ మర్నాడు, గుడ్ ఫ్రైడే మర్నాడు, మేడే మర్నాడు, బంద్ రోజులు నాలుగు. కూర్చుని సరిచూశారు. ఆ ఏడు ఉదయాల్లో ఒక్కరూ పడలేదు. "ఏడు రోజులతో ఏదీ రుజువు కాదు" అని గొణిగారు. మళ్ళీ ఆయనే లేచి, అందరి ముందూ, "సిస్టర్, నన్ను క్షమించాలి. చెప్పులు కొలిచాను కానీ ఐదున్నరకి ఒక్కరోజు కూడా వార్డుకి రాలేదు" అన్నారు. ఆయన మీద నాకున్న కోపం అక్కడే సగం పోయింది. మిగతా సగం ఆదివారం దాకా ఉంచుకున్నాను.

నా సర్వీసు పుస్తకంలో ఎవరూ ఏమీ రాయలేదు. ఆ సాయంత్రమే మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. పోతన్‌కి ఇవాళ నూట యాభై.

పేకకి పట్టిన గతే పత్రికకీ పడుతుందని మీరు భయపడింది నిజమే. పదకొండున మేట్రన్ గారు పత్రిక ఆపించారు. ఆ ఉదయం ఇరవై రెండు గిన్నెల గంజి ముట్టుకోకుండా వెనక్కి వచ్చింది. మధ్యాహ్నానికి రాజీ కుదిరింది. ఇకమీదట పత్రిక డ్యూటీ సిస్టరే తీసుకోవాలి. ఆరుకి, ఎవరూ మంచం దిగకుండా ఉంటేనే, వార్డు మధ్య నిలబడి చావుల పేజీ ముందుగా పైకి చదవాలి. తంకమ్మ మాత్రం వరండా తుడిచే వేళ మార్చనంది, ఆమెకి ఇంకో మూడు వార్డులున్నాయి.

రెండు రోజులుగా చదువుతున్నాను. మందుల చీటీ చదివినట్టు చదువుతున్నానని పోస్ట్‌మాస్టర్ గారి ఫిర్యాదు. చనిపోయినవాళ్ళ దగ్గర కాస్త ఆగాలట.

మీ కాగితం దాచుకున్నాను. కలకాలం ఉంటుంది.

ఏలిక్కుట్టి


నెడుంతోడు
జూలై 20

ఏలీ,

ఆగాలి మరి. పేరు చెప్పి ఆగు. వయసు చెప్పి ఇంకాస్త ఎక్కువ ఆగు, ఎవడికి వాడు తన వయసులోంచి తీసేసుకోవాలి కదా. కొడుకుల ఉద్యోగాలు గబగబా చదివేసినా పర్వాలేదు.

డాక్టర్ గారి కాగితంలో పత్రికకి కొత్త గడి గీశారా? గీస్తే దానికి నా పేరు పెట్టమను.

వానలో ఐదు రోజులు తెడ్డు వేశాను, ఛాతీలో ఎడమవైపు కాస్త పట్టేసినట్టుంది. గాలి అయి ఉంటుంది. భార్గవి కషాయం పోస్తోంది, అది తాగడం కంటే నొప్పే నయం. నువ్వు కంగారుపడకు. ఇకనుంచి ప్రతి శనివారం నీకొక కార్డు వేస్తాను.

మామ


పుత్తన్‌కర
ఆగస్టు 17

సరంగు మామా,

శనివారాలు నాలుగు వెళ్ళిపోయాయి. ఒక్క కార్డు రాలేదు. ఛాతీ పట్టేసిందని రాసి, కంగారుపడకని రాసి, ఆపైన నోరు మూసుకున్నారు. ఇది ఏం పద్ధతి? కుట్టనాడంతా నీళ్ళలో ఉందనీ తపాలా పడవ ఆగిపోయిందనీ పోస్ట్‌మాస్టర్ గారు నాకు రోజూ నచ్చజెబుతున్నారు. నచ్చడం లేదు.

టీచర్ ఉద్యోగం వచ్చింది. సెప్టెంబరు ఒకటిన చేరాలి. ఈ మాట మొదట మీకే చెప్పాలనుకుని ఎనిమిది రోజులు ఎవరికీ చెప్పలేదు.

ఇక అసలు సంగతి. రెండో శనివారం దాటిన దగ్గర్నుంచి ఆరుకి చదవడానికి ముందే ఆ పేజీ నేనొక్కదాన్నే చూసుకోవడం మొదలుపెట్టాను. మీ పేరు ఉంటే ఇరవై రెండు మంది ముందు చదవలేను కదా. రోజూ కురుప్పులు కనిపిస్తారు. ఊరు చదివేదాకా ఆ పేరు మీద నుంచి వేలు తీయను. నిన్న ఉదయం పడమటి చివర ఎవరికో సెలైన్ మారుస్తుంటే దాసప్పన్ సైకిల్ గంట వినిపించింది. వార్డు పొడుగునా నడిచి వెళ్ళాలని నాకు తెలుసు. అందరికీ చెప్పేది నేనే.

పరిగెత్తాను. తంకమ్మ అప్పుడే తుడిచి వెళ్ళింది.

కుడి చీలమండ బెణికింది. ఎముక విరగలేదు. పడి, పడినచోటే కూర్చుని, మొదట చావుల పేజీ తిప్పి చూశాను. మీరు లేరు. అప్పుడు నొప్పి తెలిసింది. వెనక్కి తిరిగితే ఇరవై రెండు మందీ మంచాల మీద లేచి కూర్చున్నారు, ఒక్కరూ కిందకి దిగలేదు. పోతన్ అన్నాడు, "సిస్టరే, తల గిర్రున తిరిగిందని రాసుకోండి. మేమందరం సాక్ష్యం చెబుతాం."

డాక్టర్ గారు స్వయంగా కాగితం తెచ్చి నాతో నింపించారు. వయసు నలభై ఒకటి. ప్రెషర్ మామూలే. మాత్రలు లేవు. చెప్పులు కొత్తవి. పత్రిక చదువుతారా? చదువుతాను. పడబోయే ముందు ఏమనిపించింది అన్నచోటికి వచ్చాను. చివరికి ఉన్నదే రాశాను: సరంగు మామ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు, భయమేసింది.

ఆయన చదివి, కొట్టేయమంటారనుకున్నాను. ఆ పక్కన ఇంకో గడి గీశారు.

ఏలి


నెడుంతోడు
ఆగస్టు 26
(కార్డు)

ఏలీ,

తపాలా పడవ ఇవాళే కదిలింది. నీ కోసం రాసి పెట్టిన ఐదు కార్డులూ దీంతోపాటే వస్తాయి, వరసగా చదువుకో. ఛాతీది గాలే. ఉద్యోగం సంగతి వినగానే భార్గవి పాయసం వండింది, కొబ్బరికాయ ఒలిచింది నేను.

బతికే ఉన్నాను. రేపు పత్రిక వచ్చినప్పుడు నడిచి వెళ్ళు.

మామ